ఢిల్లీ నుంచి పాత డీజిల్ సెడాన్ తెచ్చుకుంటే చివరికి ఎంత తేలుతుంది?

మియాపూర్_మెట్రో (హైదరాబాద్)

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

ఢిల్లీ ద్వారకాలో 2016 మోడల్ వెర్నా 1.6 డీజిల్ ఒకటి చూశాను. ఒకే ఓనర్, 68 వేల కిలోమీటర్లు, ధర 3.4 లక్షలు. అలాంటిదే ఇక్కడ కూకట్‌పల్లిలో 5.2 అంటున్నారు, పైసా తగ్గనంటున్నారు. అంటే 1.8 లక్షల తేడా. డీజిల్ ఎందుకంటే హైవే మీద ఆ లాగుడు ఇష్టం. పైగా పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ గొడవ విన్నప్పటి నుంచి పాత పెట్రోల్ బండి కొనాలంటే భయంగా ఉంది. కొత్త డీజిల్ సెడాన్ కొందామన్నా మామూలు బడ్జెట్‌లో ఇప్పుడు ఎవరూ తయారు చేయడం లేదు కదా.

మా బావమరిది వెంటనే వెళ్లి తెచ్చేసుకోమంటున్నాడు. మా ఆవిడేమో "నువ్వు విమానం టికెట్ కొన్నావంటే కారు ఎలా ఉన్నా తెస్తావు, అందుకే ముందు లెక్క వేసుకో" అంటోంది. తెచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే మొత్తం ఖర్చు చెప్పండి.

ఎన్‌హెచ్_44 (నిజామాబాద్)

నేను 2023లో తెచ్చాను అన్నా. 2015 మోడల్ డీజిల్ సెడాన్, 2.9 లక్షలకు. కంపెనీ పేరెందుకులే, బండి తప్పేమీ లేదు. తప్పంతా నా లెక్కలో ఉంది.

తెలంగాణ నంబర్ తీసుకునేటప్పుడు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ నేను కొన్న ధర మీద పడుతుందనుకున్నాను. 2.9 లక్షలకి 30 వేలు పక్కన పెట్టుకుని ధీమాగా వెళ్లాను. ఆర్టీఏలో తెలిసింది ఏంటంటే, లెక్క అసలు ఇన్‌వాయిస్ ధర మీద. బండి కొత్తగా ఉన్నప్పుడు ఎంతకు అమ్మారో అది. దాని మీద బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, అంతే. నా బండి ఇన్‌వాయిస్ 9.6 లక్షలు. పడింది 90 వేలు దాటింది. కౌంటర్ దగ్గర నిలబడి మా తమ్ముడికి ఫోన్ చేసి డబ్బులు వేయించుకున్నాను.

రెండోది కాగితాలు. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంది. అమ్మినాయన "లోన్ ఎప్పుడో కట్టేశాను" అన్నాడు. నిజంగానే కట్టేశాడు. కానీ ఫారం 35 వేసి ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించలేదు. అది తీయకపోతే ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి రవాణా శాఖ ఇచ్చే అనుమతి పత్రం) కదలదు. బ్యాంకు లెటర్, ఫారం 35, తర్వాత ఎన్‌ఓసీ దరఖాస్తు ఫారం 28 మీద చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, చలాన్లు అన్నీ క్లియర్... ఇదంతా అయ్యేసరికి రెండు నెలల పది రోజులు. డబ్బు మొత్తం ముందే ఇచ్చేశాను కాబట్టి ఆయనకు తొందర లేదు. నాకే టెన్షన్. ఎన్‌ఓసీ చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వు. దీంట్లో మొహమాటం వద్దు.

డ్రైవ్ మాత్రం జన్మలో మర్చిపోను. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, సాగర్, సియోనీ, నాగపూర్, ఆదిలాబాద్. సియోనీ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కింద నుంచి దాటేలా రోడ్డునే ఎత్తి కట్టారు. దానికోసం అయినా ఒకసారి వెళ్లాలి.

హారన్_ఓకే (హైదరాబాద్)

టాక్స్ ఎందుకు కట్టడం బ్రో? ఢిల్లీ డీఎల్ నంబర్‌తోనే తిరుగు. మా ఏరియాలో బోలెడు డీఎల్, హర్యానా హెచ్‌ఆర్ బండ్లు ఉన్నాయి, ఎవరూ అడగరు. మా కాకినాడ ఫ్రెండ్స్ అయితే యానాం నంబరే.

అద్దె_ఇంటి_ఆడిటర్ (హైదరాబాద్)

అడిగేదాకా ఎవరూ అడగరు తమ్ముడూ. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబర్ తీసుకోవాల్సిందే. తనిఖీలో దొరికితే టాక్స్‌తో పాటు పెనాల్టీ కూడా కట్టాలి. దానికంటే పెద్ద సమస్య ఇంకోటి. నంబర్ మార్చకుండా తిరిగేవాళ్లు సాధారణంగా పేరు కూడా మార్చుకోరు. పేరు మారితే 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా మన పేరుకు మార్చుకోవాలి. ఆర్సీ ఒకరిది, పాలసీ ఒకరిది, నడిపేది ఇంకొకరు అయితే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ సంగతి మర్చిపోవచ్చు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, కూడా పాత ఓనర్‌తోనే పోతుంది, అది మనిషిది, బండిది కాదు.

మియాపూర్ గారూ, ఆ కారు ఇన్‌వాయిస్ ధర ఎంతో కనుక్కోండి. 10 లక్షలు దాటిందా లేదా అన్నది చాలా ముఖ్యం. తెలంగాణలో 2022లో కొత్త కార్లకు 5 లక్షల లోపు 13 శాతం, 10 లోపు 14, 20 లోపు 17, ఆపైన 18 పెట్టారు, 2025లో 10 లక్షలు దాటినవాటికి ఇంకా పెంచారు. పాత బండికి ఇందులోంచి వయసును బట్టి తగ్గిస్తారు. కానీ 14 నుంచి తగ్గడం వేరు, అంతకంటే పై శాతం నుంచి తగ్గడం వేరు.

మియాపూర్_మెట్రో

అడిగాను సార్. 10 లక్షల 40 వేలట. టాప్ మోడల్ అని సంబరపడ్డాను, ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది.

స్పానర్_పదమూడు (వరంగల్)

పదిహేడేళ్లుగా డీజిల్ బండ్లు విప్పుతున్నాను. డబ్బుల సంగతి ఆడిటర్ గారు చూసుకుంటారు. నేను బండి సంగతి చెప్తా.

వెళ్తే పొద్దున్నే వెళ్లు. ముందు రోజు రాత్రే చెప్పు, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నాడని అర్థం. డీజిల్ బండి గుణం చల్లని స్టార్ట్‌లోనే బయటపడుతుంది. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లో, చల్లని ఇంజిన్‌ను వేడి చేసే గ్లో ప్లగ్గులో పోయినట్టు, నీలం పొగ అయితే ఆయిల్ తాగుతోంది. నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూడు, ఆవిరి బండిలా కొడుతుంటే పిస్టన్ రింగులు పోయినట్టు. కామన్ రైల్ బండికి ఇంజెక్టర్ రిటర్న్ టెస్ట్ తప్పకుండా చేయించు. నాలుగు చిన్న సీసాలు పెట్టి ఏ ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూస్తారు. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ వదిలితే దానికి టైం దగ్గర పడ్డట్టే.

క్లచ్ కూడా. మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కు. ఇంజిన్ అరుస్తోంది కానీ బండి లాగడం లేదంటే క్లచ్ అయిపోయింది. ఢిల్లీ ట్రాఫిక్‌లో తిరిగిన బండికి కిలోమీటర్లు తక్కువున్నా క్లచ్ ఎక్కువ అరిగి ఉంటుంది. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ పక్కన అదురు తగ్గించే బరువైన చక్రం) ఉన్న మోడలైతే క్లచ్ బిల్లు రెండింతలవుతుంది. పోయిన నెల ఒక యూరప్ సెడాన్‌కు నేనే వేశాను, సామాన్లే 68 వేలు. కారు కొన్నది 3 లక్షలకు.

ఇంకో మాట. స్పీడోమీటర్ మీద ఉన్న నంబర్ నమ్మకు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఆర్సీ నంబర్ చెప్పి సర్వీస్ చరిత్ర తీయించమను. ఓనర్ ఒప్పుకోకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయ్.

కృష్ణలంక_కారుడు (విజయవాడ)

స్పానర్ గారి మాటకు నాదొకటి కలుపుతాను. సీట్ బెల్ట్ పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. అడుగున బురద గీత ఉంటే ఆ బండి నీళ్లలో మునిగిందే. 2023 జూలైలో యమున వరద ఢిల్లీలోకి వచ్చింది. దూరం ఎందుకు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు మా సింగ్ నగర్ వైపు కార్ల పైకప్పులు మాత్రమే కనిపించాయి. ఆ తర్వాత ఆరు నెలలు హైదరాబాద్‌లో "ఏపీ నంబర్, సూపర్ కండిషన్" అనే ప్రకటన చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. అంచేత ఢిల్లీ బండి అనే అనుమానం, లోకల్ బండి అనే నమ్మకం రెండూ పనికిరావు.

ఢిల్లీ చౌక ఎందుకో కొత్తవాళ్లకు తెలియాలి. 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దంది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 2025 జూలై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఆయిల్ పోయొద్దన్నారు, రెండు మూడు రోజులకే గొడవై ఆపేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు వయసు ఒక్కటే చూసి చర్య తీసుకోవద్దంది. డిసెంబర్‌లో ఆ ఊరట బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణాల్లో నాలుగో మెట్టు), ఆపై బండ్లకే అని సవరించింది. అంటే 2016 బీఎస్-4 బండి ఓనర్‌కు ఇప్పుడు పాతంత తొందర లేదు. మరి తొందర లేనివాడు ఇంత చౌకగా ఎందుకు ఇస్తున్నాడన్నది నా ప్రశ్న.

బర్మింగ్‌హామ్_బండి (యూకే)

దారి మళ్లిస్తున్నందుకు క్షమించండి. నేను వచ్చే ఏడాది ఇండియాకు వచ్చేస్తున్నాను. ఇక్కడ 2019 డీజిల్ సెడాన్ ఉంది, కుడిచేతి స్టీరింగే. షిప్‌లో వేసుకుని వచ్చేయొచ్చా? ఇక్కడ అమ్మితే ఏమీ రావడం లేదు.

అద్దె_ఇంటి_ఆడిటర్

ఏమీ రాకపోయినా అక్కడే అమ్మేయండి సార్. పాత కారు ఇండియాకు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, మీది అక్కడే ఆగిపోయింది. మూడేళ్ల లోపుదైనా ముంబై రేవుకే రావాలి, స్పీడోమీటర్ కిలోమీటర్లలో ఉండాలి, మీకు మైళ్లు కదా. ఇల్లు మార్చుకుని వస్తున్నవాళ్ల సామానుకు ఉండే రాయితీ కారుకు వర్తించదు. సుంకాలన్నీ కలిపితే కారు విలువకంటే ఎక్కువే అవుతాయి. ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో కారు కొనుక్కుని, మిగిలిన దాంతో డ్రైవర్‌ను కూడా పెట్టుకోవచ్చు.

ఇక అసలు విషయానికి వస్తే, మియాపూర్ గారి కోసం నిన్న రాత్రి కూర్చుని లెక్క వేశాను.

కారు 3,40,000. ఢిల్లీ వెళ్లడం, రెండు రాత్రులు ఉండడం, అక్కడి మెకానిక్‌తో చూపించడం 14 వేలు. ఎన్‌ఓసీ, ఏజెంట్, పాత చలాన్లు 12 వేలు. చలాన్లు ఓనర్ కట్టాలి, కానీ బేరంలో అవి మన మీదే పడతాయి. హైదరాబాద్‌కు నడుపుకొని రావడం దగ్గర దగ్గర 1,600 కిలోమీటర్లు, డీజిల్, టోల్, ఒక రాత్రి బస కలిపి 13 వేలు. లైఫ్ టాక్స్ లక్షా 10 వేలు పెట్టాను, ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ఆర్టీఏ ఫీజులు, కొత్త టీజీ ప్లేట్లు 5 వేలు. ఇన్సూరెన్స్ 16 వేలు. ఇందులో ఒక తమాషా ఉంది. వెర్నా ఇంజిన్ 1,582 సీసీ. 1,500 దాటింది కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియమే 7,897, దానిపై జీఎస్‌టీ. అదే 1,498 సీసీ డీజిల్ అయితే 3,416. 84 సీసీలు తేడా, ప్రతి ఏడూ నాలుగున్నర వేలు అదనం.

చివరగా ఏ పాత బండికైనా మొదటి నెలలో పెట్టాల్సింది. నాలుగు టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, ఫిల్టర్లు, బెల్టులు. 42 వేలు.

మొత్తం 5,52,000.

కూకట్‌పల్లి కారు 5,20,000. పేరు మార్పు 3 వేలు, అదే ఇన్సూరెన్స్ 16 వేలు, అదే 42 వేలు. మొత్తం 5,81,000.

తేడా 29 వేలు. 1.8 లక్షలు అనుకున్నది ఇదీ. కూకట్‌పల్లి వాడు ఒక్క 30 వేలు తగ్గిస్తే అదీ ఉండదు.

నిర్వాహకుడు

ఎన్‌ఓసీ "మూడు రోజుల్లో గ్యారంటీ" అంటూ ఫోన్ నంబర్ పెట్టిన పోస్టు తొలగించాం. ఏజెంట్ల నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.

లక్ష్మీ_హన్మకొండ

అందరూ కలిసి ఆయన్ని భయపెట్టేస్తున్నారు. మేం గురుగ్రామ్ నుంచి తెచ్చుకున్నాం, బాగానే ఉంది. మా ఆయన మందుల కంపెనీలో పని చేస్తారు, నెలకు రెండున్నర వేల కిలోమీటర్లు తిరుగుతారు. మా అన్నయ్య అక్కడే ఉద్యోగం, కాబట్టి కారు ఏడాది పాటు కళ్లముందే చూశాడు, కాగితాలూ ఆయనే తిరిగి చేయించాడు. మాకు విమానం లేదు, హోటల్ లేదు, ఏజెంట్ లేడు. పైగా బేస్ మోడల్, ఇన్‌వాయిస్ 8 లక్షల లోపు, టాక్స్ కూడా భరించేలా ఉంది. అన్నీ కలిపినా ఇక్కడికంటే లక్షకు పైనే మిగిలింది. అక్కడ మనవాళ్లు ఎవరూ లేకుండా ఫొటోలు చూసి వెళ్లేవాళ్లకు నేను చెప్పను.

మియాపూర్ గారూ, మీరు నెలకు ఎంత తిరుగుతారో ఇంతవరకూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా!

మియాపూర్_మెట్రో

నిజమే అక్కా. ఆఫీసు పోను రాను 24 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు. నెలకోసారి ఖమ్మం, అమ్మానాన్నల దగ్గరికి, అది 400. ఏడాదికి 11 వేల దాకా వస్తుంది.

అద్దె_ఇంటి_ఆడిటర్

డీజిల్ సగటున లీటరుకు 17 కిలోమీటర్లు ఇస్తే 647 లీటర్లు, హైదరాబాద్ ధరకు 62 వేలు. అంతే సైజు పెట్రోల్ 13 ఇస్తే 846 లీటర్లు, 91 వేలు. ఏడాదికి 29 వేలు ఆదా. మళ్లీ 29 వేలే, నేను కావాలని వేయలేదు. ఒక ఇంజెక్టర్ పోయిన ఏడాది ఈ ఆదా కనపడదు.

స్పానర్_పదమూడు

ఖమ్మం ట్రిప్పులే ఈ బండిని కాపాడతాయి. మియాపూర్ నుంచి ఆఫీసుకు గంటసేపు మొదటి గేరు, రెండో గేరు అంటే పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. నెలకోసారి హైవే మీద గట్టిగా లాగితే కొంత నయం. ఒక సంగతి సంతోషించు, 2016 నాటి మామూలు బీఎస్-4 సెడాన్లలో చాలావాటికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేదు. అదే బీఎస్-6 డీజిల్ కొని నీలా తిరిగితే డీపీఎఫ్ లైటు వెలుగుతూనే ఉండేది.

మియాపూర్_మెట్రో

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. తిట్టకండి, టికెట్ కొనేశాను. వెళ్లాను కూడా.

ఉదయం 7 గంటలకు ద్వారకాలో దిగి బానెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది. "మీకోసం కడిగించి తెచ్చాను" అన్నాడు. ఆర్సీలో పేరు ఒకరిది, వచ్చినవాడు ఇంకొకడు. తమ్ముడినన్నాడు, అరగంట తర్వాత ఫ్రెండ్ అన్నాడు. పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు ముందే ఉన్నాయి, కొన్నవాడి పేరు ఖాళీ. సీట్ బెల్ట్ లాగాను, శుభ్రంగానే ఉంది. బండి నడిపితే, అబద్ధం ఎందుకు, మనసు లాగింది. అప్పుడు మా ఆవిడ మాట గుర్తొచ్చి సర్వీస్ సెంటర్‌కు వెళ్దామన్నాను. గంటసేపు బతిమాలితే వచ్చాడు. 2021 సర్వీస్‌లో రాసిన రీడింగ్ 91 వేలు. ఇప్పుడు మీటర్‌లో 68 వేలు.

నేను ఏమీ అనలేదు. ఆటో ఎక్కి న్యూఢిల్లీ స్టేషన్‌కు వెళ్లి తత్కాల్ కోసం తంటాలు పడి మర్నాడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అదే నాగపూర్ మీదుగా రైల్లో వస్తూ కిటికీలోంచి చూస్తుంటే ఎన్‌హెచ్ 44 అన్న రాసినదంతా గుర్తొచ్చింది.

ఎన్‌హెచ్_44

పోయింది 14 వేలే అన్నా. నేను కౌంటర్ దగ్గర నేర్చుకున్నది నువ్వు బానెట్ దగ్గర నేర్చుకున్నావు.

మియాపూర్_మెట్రో

నిన్న కొంపల్లిలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారి దగ్గర 1.5 లీటర్ డీజిల్ తీసుకున్నాను. 2015 మోడల్, టీఎస్ నంబర్, 96 వేలు తిరిగింది, ప్రతి బిల్లూ ఫైల్లో ఉంది. 4.7 లక్షలు. ఆయన ఫాస్టాగ్ నా ముందే మూయించి, ఇన్సూరెన్స్ కాగితం మీద 14 రోజుల తేదీ పెన్సిల్‌తో రాసి ఇచ్చారు. రెండు టైర్లు, బ్యాటరీ వెంటనే వేయాలి. క్లచ్ పెడల్ బాగా పైకి వచ్చాకే పట్టుకుంటోంది, ఆరు నెలలు వస్తుందన్నాడు మా మెకానిక్.

స్పానర్_పదమూడు

నాలుగు అనుకో. లెక్కలో ఇప్పుడే రాసేసుకో.

కొత్త_సభ్యుడు_07 (కరీంనగర్)

హలో అన్నలూ, పాత పోస్టులన్నీ చదవడానికి టైం లేదు, చిన్న డౌట్. ఢిల్లీ ద్వారకాలో 2016 వెర్నా డీజిల్ ఒకటి ఉంది. 61 వేలే తిరిగింది, 3.1కి ఇస్తానంటున్నాడు, ఓనర్ తమ్ముడే మాట్లాడుతున్నాడు. టోకెన్ పంపేయొచ్చా?